కింగ్ జేబులో దొరికిన కాగితాలు

1968 ఏప్రిల్ 27న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద సభ జరిగింది. అందులో మాట్లాడాల్సిన మనిషి మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్. మెంఫిస్‌లో ఆయన్ను కాల్చి చంపి అప్పటికి 23 రోజులైంది. ఆయన స్థానంలో భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వేదిక ఎక్కారు. భర్త చనిపోయినప్పుడు ఆయన జేబుల్లో దొరికిన కాగితాలను వెంట తెచ్చుకున్నారు. ప్రసంగాల కోసం దొరికిన కాగితం మీదల్లా ఏదో ఒకటి రాసుకోవడం ఆయనకు అలవాటు. బహుశా ఈ సభ కోసమే రాసుకుని ఉంటారని, తనకు దొరికింది దొరికినట్టే చదువుతున్నానని ఆమె చెప్పారు.

ఆ కాగితాల్లో ఉన్నవి వియత్నాం గురించి పది ఆజ్ఞలు. బైబిల్లో మోషేకు దేవుడిచ్చిన పది ఆజ్ఞల పద్ధతిలో రాసుకున్నవి. సైనిక విజయం వస్తుందంటే నమ్మవద్దు. రాజకీయ విజయం వస్తుందన్నా నమ్మవద్దు. వియత్నాం ప్రజలు మనల్ని ప్రేమిస్తున్నారంటే నమ్మవద్దు. సైగాన్‌లోని దక్షిణ వియత్నాం ప్రభుత్వానికి జనం మద్దతు ఉందంటే నమ్మవద్దు. చచ్చిన శత్రువుల లెక్కగానీ, చచ్చిన అమెరికన్ల లెక్కగానీ నమ్మవద్దు. అన్నీ సైన్యాధికారులకే బాగా తెలుసంటే నమ్మవద్దు. ఇలా తొమ్మిదీ 'నమ్మవద్దు' అన్నవే. పదోది మాత్రం పాత ఆజ్ఞే: చంపవద్దు.

ఆ వరుసను కాస్త ఆగి చూడాలి. యుద్ధాన్ని ఆపడం అంటే ముందు తుపాకీని ఆపడం అనుకుంటాం. ఆ కాగితం ప్రకారం ముందు ఆపాల్సింది నమ్మకాన్ని. ప్రభుత్వం చెప్పే అంకెల మీద, జనరల్స్ ధీమా మీద, 'వాళ్ల మంచికే' అనే మాట మీద జనానికి ఉన్న నమ్మకం సడలకుండా చంపడం ఆగదు. పదో ఆజ్ఞ దగ్గరికి చేరాలంటే ముందున్న తొమ్మిదీ దాటాలి. కింగ్ పేరు మీద ఆ తర్వాత జరిగిన యుద్ధ వ్యతిరేక పనులన్నిటికీ మూలం ఈ చిన్న కాగితంలో ఉంది.

కానీ ప్రపంచం గుర్తుపెట్టుకున్న కింగ్ వేరు. పాఠ్యపుస్తకాల్లో ఆయన 1963 ఆగస్టు 28న లింకన్ విగ్రహం ముందు నిలబడి కల గురించి మాట్లాడిన దగ్గరే ఆగిపోతాడు. ఆ తర్వాత మరో నాలుగున్నరేళ్లు బతికాడని, ఆ కాలంలోనే బాగా ఒంటరివాడయ్యాడని చాలామందికి తెలియదు. గ్యాలప్ 1966లో జరిపిన సర్వేలో 63 శాతం అమెరికన్లు ఆయన పట్ల వ్యతిరేకత చూపించారు. ఇప్పుడు ఆ దేశం మొత్తం తలవంచి నివాళి అర్పిస్తున్న మనిషి గురించిన లెక్క అది.

నిజానికి వియత్నాం మీద కింగ్ చాలాకాలం తటపటాయించాడు. అందుకు కారణాలూ ఉన్నాయి. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కుల చట్టం మీద సంతకం చేసింది అధ్యక్షుడు లిండన్ జాన్సన్. అదే జాన్సన్ వియత్నాంకు సైన్యాన్ని లక్షల్లో పంపుతున్నాడు. తమ పని చేసిపెట్టిన అధ్యక్షుడితో ఎలా తగువు పెట్టుకోవాలన్నది నల్లజాతి నాయకులందరి టెన్షన్. 1965లో చర్చలు జరపాలని కింగ్ కొన్నిసార్లు బహిరంగంగా అన్నాడు. వెంటనే నలుమూలల నుంచీ మందలింపులు వచ్చాయి. కొన్నాళ్లు వెనక్కి తగ్గాడు.

ఇంట్లో మాత్రం కొరెట్టా తగ్గలేదు. ఆమె 1962లోనే మహిళల శాంతి బృందంతో కలిసి జెనీవా నిరాయుధీకరణ సమావేశానికి వెళ్లొచ్చిన మనిషి. 1965 నవంబరులో వాషింగ్టన్ శాంతి ప్రదర్శనలో భర్త లేకుండానే మాట్లాడింది. యుద్ధం గురించి ఆమెకు మీరే నేర్పారా అని ఒక విలేఖరి అడిగితే, ఆమే నాకు నేర్పింది అని కింగ్ జవాబిచ్చాడు. భర్త పోయాక ఆయన ఆశయాన్ని భుజానికెత్తుకున్న భార్యగానే కొరెట్టాను చెప్పుకుంటూ ఉంటారు. యుద్ధం విషయంలో వరుస తిరగబడింది. ముందు నడిచింది ఆమె, వెనక వచ్చింది ఆయన.

మరికొందరు కూడా ఆయన కన్నా ముందున్నారు. 1966 జనవరిలో విద్యార్థుల అహింసా సమన్వయ కమిటీ యుద్ధాన్ని ఖండిస్తూ ప్రకటన విడుదల చేసింది. దాన్ని సమర్థించినందుకు, శాసనసభ్యుడిగా ఎన్నికైన జూలియన్ బాండ్‌ను జార్జియా శాసనసభ తన సీట్లో కూర్చోనివ్వలేదు. చివరికి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. వియత్నాం బౌద్ధ భిక్షువు థిచ్ నాట్ హాన్ 1965లో కింగ్‌కు లేఖ రాశాడు, 1966లో షికాగోలో కలిశాడు. బాంబులు ఎవరి మీద పడుతున్నాయో ఆ మనుషుల్లో ఒకరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే వినేవాడిలో ఏదో ఒకటి కదులుతుంది. 1967 జనవరిలో కింగ్ ఆ భిక్షువు పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించాడు.

అదే నెలలో జరిగిన ఒక సంఘటనను ఆయన సహచరుడు బెర్నార్డ్ లీ తర్వాత చెప్పాడు. జమైకా ప్రయాణంలో ఉన్నారు ఇద్దరూ. ఎయిర్‌పోర్టులో భోజనానికి కూర్చున్నారు. కింగ్ తన దగ్గరున్న పత్రికలు తిరగేస్తూ 'ర్యాంపార్ట్స్' దగ్గర ఆగాడు. అందులో నాపామ్ అనే మండే బాంబుల మంటల్లో కాలిపోయిన వియత్నాం పిల్లల ఫొటోలున్నాయి. బిడ్డ శవాన్ని ఎత్తుకున్న ఒక తల్లి ఫొటో ఉంది. కింగ్ కంచం పక్కకు తోసేశాడు. తిండి బాగాలేదా అని లీ అడిగాడు. ఆ యుద్ధాన్ని ఆపడానికి చేయగలిగిందంతా చేసేదాకా తనకు ఏదీ రుచించదని కింగ్ అన్నాడు. తిరిగొచ్చాక ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో యుద్ధం గురించే ప్రసంగించాడు. మార్చిలో షికాగో వీధుల్లో పిల్లల డాక్టరు బెంజమిన్ స్పాక్ పక్కన నడిచాడు.

తర్వాత 1967 ఏప్రిల్ 4. న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చి. దాదాపు 3,000 మంది జనం. ప్రసంగం ముసాయిదాలో ఎక్కువ భాగం రాసింది ఆయన స్నేహితుడు, చరిత్రకారుడు విన్సెంట్ హార్డింగ్.

ఆ ప్రసంగాన్ని ఇప్పుడు చదివితే ఆశ్చర్యం కలిగించేది దాని కోపం కాదు, దాని లెక్కలు. పేదరికం మీద యుద్ధం అని జాన్సన్ మొదలుపెట్టిన పథకాలు పేదలకు, నల్లవాళ్లకు, తెల్లవాళ్లకు కూడా, ఒక ఆశ చూపించాయి. వియత్నాం వచ్చి మనుషుల్నీ, తెలివినీ, డబ్బునీ పీల్చే గొట్టంలా లాగేసుకుంది. లాస్ ఏంజెలెస్ ప్రసంగంలో ఆయన అంకెలు కూడా చెప్పాడు: ఒక్కో శత్రువును చంపడానికి మనం పెడుతున్న ఖర్చు అంచనాగా 3,22,000 డాలర్లు, పేదరికం మీద యుద్ధంలో ఒక్కో పేదవాడి మీద పెడుతున్నది సుమారు 53 డాలర్లు. పొయ్యి మీద కుండ లేని ఇంటి సంగతి పట్టని ప్రభుత్వం ఎనిమిది వేల మైళ్ల అవతల స్వేచ్ఛ పంచుతానని బయల్దేరింది. ఆ స్వేచ్ఛ నైరుతి జార్జియాలో, తూర్పు హార్లెమ్‌లో, యుద్ధానికి పంపుతున్న నల్ల కుర్రాళ్లకే దొరకలేదని ఆయన అన్నాడు. ఒకే బడిలో పక్కపక్కన కూర్చోనివ్వని దేశం కోసం నల్ల కుర్రాడూ తెల్ల కుర్రాడూ కలిసి చంపుతున్నారు, కలిసి చస్తున్నారు.

అక్కడి నుంచి ఇంకో మెట్టు ఎక్కాడు. ఉత్తరాది మురికివాడల్లో కోపంతో ఉన్న కుర్రాళ్లకు పెట్రోలు బాంబులు, తుపాకులు పరిష్కారం కాదని తాను చెప్పినప్పుడు వాళ్లు వేసిన ప్రశ్న ఆయన్ను వదల్లేదు: మరి వియత్నాం సంగతేంటి? దేశం తన సమస్యలు తీర్చుకోవడానికి అంతులేని హింస వాడటం లేదా? వాళ్ల హింస గురించి మాట్లాడే ముందు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా హింసను పంచిపెడుతున్న నా సొంత ప్రభుత్వం గురించి మాట్లాడక తప్పదు అని కింగ్ ఆ చర్చిలో అన్నాడు. అహింస అనేది పేదవాడికి మాత్రమే చెప్పే నీతి కాకూడదు. ఆయన పౌరహక్కుల పనికీ యుద్ధ వ్యతిరేకతకూ మధ్య ఉన్న ముడి ఇదే. బర్మింగ్‌హామ్‌లో పోలీసు కుక్కల ముందు చేయి ఎత్తవద్దని పిల్లలకు చెప్పిన మనిషి బాంబర్ విమానాల గురించి నోరు మూసుకుంటే ఆ మాటకు విలువ ఏముంటుంది?

ఆ ప్రసంగంలో వియత్నాం చరిత్ర కూడా ఉంది. 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పుడు వియత్నాం వాళ్లు అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలే వాడుకున్నారని, అయినా అమెరికా ఫ్రాన్స్ పక్షాన నిలబడిందని గుర్తుచేశాడు. శత్రువు కళ్లతో మనల్ని మనం చూసుకోవాలన్నాడు. బాంబింగ్ ఆపడం, ఏకపక్షంగా కాల్పుల విరమణ, సైన్యం వెనక్కి రావడానికి తేదీ ప్రకటించడం లాంటి ఐదు పనులు చేయమని అడిగాడు. యువకుల్ని మనస్సాక్షి ప్రకారం సైన్యంలో చేరబోమని చెప్పమన్నాడు. అదే నెల 28న మహమ్మద్ అలీ హ్యూస్టన్‌లో సైన్యంలో చేరడానికి నిరాకరించినప్పుడు కింగ్ ఆయన్ను వెనకేసుకొచ్చాడు.

దెబ్బ వెంటనే తగిలింది. న్యూయార్క్ టైమ్స్ 'డాక్టర్ కింగ్ పొరపాటు' అని సంపాదకీయం రాసింది. తన ఉద్యమానికి, దేశానికి, తన ప్రజలకు ఆయన ఇక అంతగా పనికిరాడని వాషింగ్టన్ పోస్ట్ తేల్చేసింది. ఆ మాటలు శత్రువైన ఉత్తర వియత్నాం రేడియో, రేడియో హనోయి స్క్రిప్టులా ఉన్నాయని లైఫ్ పత్రిక అంది. తెల్లవాళ్ల పత్రికలతో అయిపోలేదు. నల్లజాతి హక్కుల సంస్థల్లో అతి పెద్దదైన ఎన్‌ఏఏసీపీ రెండు ఉద్యమాల్నీ కలపడం తీవ్రమైన ఎత్తుగడల తప్పు అని తీర్మానించింది. బేస్‌బాల్ వీరుడు జాకీ రాబిన్సన్ లాంటి అభిమానులు కూడా విభేదించారు. వైట్‌హౌస్ తలుపులు మూసుకుపోయాయి.

విమర్శించిన వాళ్లంతా పిరికివాళ్లు కారు. వాళ్ల వాదనలోనూ పస ఉంది. ఓటు హక్కు వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు, అది అమలు కావాలంటే అదే ప్రభుత్వం సహకరించాలి, రెండు పడవల మీద కాళ్లు పెడితే రెండూ పోతాయి అన్నది వాళ్ల భయం. కింగ్ దృష్టిలో ఉన్నది రెండు పడవలు కాదు, ఒకే పడవకు పడ్డ రెండు చిల్లులు. ఒకటి పూడ్చి రెండోది వదిలేస్తే పడవ నిలవదు. జాత్యహంకారం, మితిమీరిన ధనదాహం, సైనికవాదం అనే మూడు దుష్టశక్తులు ఒకదాన్నొకటి పోషించుకుంటాయని ఆయన రివర్‌సైడ్‌లో చెప్పింది అందుకే. సరిగ్గా ఏడాది తర్వాత, 1968 ఏప్రిల్ 4నే, చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకు తోడుగా మెంఫిస్ వెళ్లి అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఇక ఆయన్ను గౌరవించడం అనే పని మొదలైంది. అదీ గొడవతోనే. కింగ్ పుట్టినరోజును సెలవు చేయాలనే బిల్లు ఆయన చనిపోయిన నాలుగు రోజులకే కాంగ్రెస్‌లోకి వచ్చింది. చట్టం కావడానికి 15 ఏళ్లు పట్టింది. 1983లో సెనేట్‌లో దాన్ని అడ్డుకోవడానికి జెస్సీ హెల్మ్స్ వాడిన ఆయుధాల్లో కింగ్ వియత్నాం వైఖరి కూడా ఒకటి. అంటే ఆ యుద్ధ వ్యతిరేకత ఎంత ముఖ్యమైనదో ఆయన శత్రువులు మర్చిపోలేదు. మర్చిపోయింది ఆ తర్వాత పొగిడినవాళ్లు. 1994లో ఆ సెలవును సేవాదినంగా మార్చే చట్టం వచ్చింది. బడి గోడలకు రంగులేయడం, అన్నదానాలు, పార్కులు శుభ్రం చేయడం. అవి మంచి పనులే, ఎవరూ కాదనరు. అయితే గోడకు రంగు వేసినందుకు ఎవరి మీదా సంపాదకీయం రాయరు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ సెలవు బాగా పరిచయమే. జనవరి మూడో సోమవారం అంటే సంక్రాంతి దగ్గర్లో వచ్చే లాంగ్ వీకెండ్. కింగ్ అసలు పుట్టినరోజు జనవరి 15 మన పండుగ రోజుల్లోనే పడుతుంది. ఆ కుటుంబాలు అక్కడ ఉండటానికి దారి తెరిచిన 1965 వలస చట్టం కూడా ఓటు హక్కుల చట్టం వచ్చిన రెండు నెలలకే, అదే పౌరహక్కుల గాలిలో వచ్చింది. ముగ్గులు పెట్టుకునే వారంలోనే ఆ మనిషి పేరు మీద సెలవు రావడం కాకతాళీయం. ఆ దేశంలో ముగ్గు పెట్టుకోవడానికి వాకిలి దొరకడం మాత్రం కాకతాళీయం కాదు.

సెలవు వచ్చాక ఒక చిత్రమైన పరీక్ష ఎదురైంది. 1991లో కువైట్ నుంచి వెళ్లిపోవడానికి ఇరాక్‌కు ఇచ్చిన గడువు తేదీ జనవరి 15. బాగ్దాద్ మీద బాంబులు మొదలైన కొద్ది రోజులకే కింగ్ సెలవు వచ్చింది. పుష్పగుచ్ఛం పెట్టాలా, నినాదం ఇవ్వాలా అన్న ప్రశ్న అప్పుడు బాహాటంగా ముందుకొచ్చింది. 2003లో మళ్లీ ఇరాక్ యుద్ధం ముంచుకొస్తుంటే కింగ్ వారాంతంలోనే, జనవరి 18న, చలిలో వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో వీధులు నిండిపోయాయి. ఏడాది తర్వాత అధ్యక్షుడు జార్జి బుష్ అట్లాంటాలో కింగ్ సమాధి మీద పుష్పగుచ్ఛం పెడుతుంటే బయట జనం యుద్ధానికి వ్యతిరేకంగా కేకలేశారు. కొరెట్టా ఆ యుద్ధాన్ని వ్యతిరేకించింది. 2006లో ఆమె అంత్యక్రియల్లో బుష్ వేదిక మీదే కూర్చుని ఉండగా, కింగ్ పాత సహచరుడు జోసెఫ్ లోవరీ లేచి, ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలు లేవని ఇప్పుడు మనకు తెలుసు అన్నాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. చావు దగ్గర రాజకీయాలా అని తర్వాత చాలామంది తప్పుపట్టారు. కానీ చావు దగ్గర భర్త జేబులోని కాగితాలు తీసి జనానికి చదివి వినిపించిన మనిషి అంత్యక్రియలవి. అంతకన్నా తగిన చోటు ఇంకోటి ఉండదు.

అన్నిటికన్నా ఆలోచింపజేసే ఉదంతం 2011 జనవరిది. పెంటగాన్‌లో జరిగిన కింగ్ సంస్మరణ సభలో రక్షణ శాఖ ప్రధాన న్యాయాధికారి జే జాన్సన్ మాట్లాడారు. కింగ్ చదివిన మోర్‌హౌస్ కాలేజీలోనే ఆయనా చదివారు. కింగ్ ఇవాళ బతికి ఉంటే మన ప్రపంచం ఎంత జటిలమైందో అర్థం చేసుకునేవారని, మన సైన్యం ఆయుధాలు కింద పెట్టడం కుదరదని గ్రహించేవారని అన్నారు. బైబిల్లోని మంచి సమరయుని కథ తీసుకున్నారు. యెరికో దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని ఆగి ఆదుకున్నవాడి కథ అది. చనిపోవడానికి ముందు రోజు రాత్రి మెంఫిస్‌లో కింగ్ చెప్పింది కూడా ఆ కథే. ఇరాక్‌లో, అఫ్గానిస్థాన్‌లో ఉన్న మన సైనికులు అలాంటి సమరయులే అన్నది ఆయన వాదన.

దీనికి జవాబు కింగ్ ముందే ఇచ్చి వెళ్లాడు. రివర్‌సైడ్ ప్రసంగంలో కూడా ఇదే కథ ఉంది. దారి పక్కన పడి ఉన్నవాడిని ఆదుకోవడం తొలి అడుగు మాత్రమే, మనుషులు ఎప్పటికీ దెబ్బలు తింటూ దోపిడీకి గురవుతూ ఉండకూడదంటే ఆ యెరికో దారినే మొత్తంగా మార్చాలి అన్నాడక్కడ. అంటే గాయపడినవాడికి కట్టు కట్టేవాడు, ఆ దారిలో గాయాలు ఎందుకవుతున్నాయని కూడా అడగాలి. ఆ దారిలో బాంబులు వేసింది ఎవరని అడగాలి. సగం కథ తీసుకుని మిగతా సగం వదిలేస్తే కింగ్ ఎవరి పక్షానికైనా వస్తాడు.

ఇందులో ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. కింగ్ అన్ని యుద్ధాల్నీ వ్యతిరేకించేవాడా? 2009లో నోబెల్ తీసుకుంటూ ఒబామా, కింగ్‌ను స్మరించుకుంటూనే, హిట్లర్ సైన్యాన్ని అహింస ఆపలేకపోయేదన్నాడు. కింగ్‌కు ఈ వాదన కొత్త కాదు. 1964 డిసెంబరులో ఓస్లోలోనే తన నోబెల్ ఉపన్యాసంలో ఆయన దీన్ని ఎత్తుకున్నాడు. ఒకప్పుడు చెడు వ్యాపించకుండా ఆపడానికి యుద్ధం పనికొచ్చి ఉండవచ్చు, కానీ ఇప్పటి ఆయుధాల విధ్వంస శక్తి ఆ అవకాశాన్ని కూడా మిగల్చలేదు అన్నాడు. హిట్లర్ ప్రశ్నకు ఆయన జవాబు అణుబాంబు. అంతకు ఐదేళ్ల ముందు, 1959 మార్చిలో భారత పర్యటన ముగిస్తూ, ప్రపంచమంతా ఆయుధాలు వదలాలని భారత్ పిలుపునివ్వాలని, ఎవరూ ముందుకు రాకపోతే తానొక్కతే ఆ పని చేసి చూపాలని సూచించాడు. గాంధీ పుట్టిన దేశం కాబట్టి అడిగాడు. 1974లో పోఖ్రాన్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు.

అందుకే ఆయన్ను గట్టిగా పట్టుకున్నవాళ్లు అణ్వాయుధాల దగ్గరికే వెళ్తున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో బాంగర్‌లో, ట్రైడెంట్ అణు క్షిపణులు మోసే జలాంతర్గాముల స్థావరం గేటు ముందు అక్కడి శాంతి కార్యకర్తలు కింగ్ పుట్టినరోజు సందర్భంగా నిరసన చేస్తుంటారు. 2018 ఏప్రిల్ 4 రాత్రి, కింగ్ హత్య జరిగి సరిగ్గా 50 ఏళ్లయిన రోజు, ఏడుగురు క్యాథలిక్ కార్యకర్తలు జార్జియాలోని కింగ్స్ బే నౌకా స్థావరం కంచె కత్తిరించి లోపలికి వెళ్లారు. వాళ్ల చేతుల్లో సుత్తులు, సీసాల్లో తమ సొంత రక్తం, ఒక బ్యానర్. జాత్యహంకారం చివరికి జాతి నిర్మూలన దాకా పోతుందన్న కింగ్ మాటకు, ట్రైడెంట్ చివరికి సర్వనాశనం దాకా పోతుందని తమ మాట జోడించారు. కింగ్ పుట్టిన రాష్ట్రంలోనే ఆ జలాంతర్గాములు లంగరేసి ఉంటాయి. 2019లో కోర్టు వాళ్లందరినీ దోషులుగా తేల్చింది. కొందరు జైలుకెళ్లారు. కంచె కత్తిరించడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. కింగ్‌ను తలుచుకోవడానికి తమ సొంత స్వేచ్ఛను ఖర్చు పెట్టారన్నది మాత్రం కాదనలేం.

ఖర్చు లెక్క ఇంకోవైపు పెరుగుతూనే ఉంది. స్టాక్‌హోమ్ శాంతి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2024లో అమెరికా సైనిక వ్యయం 99,700 కోట్ల డాలర్లు, ప్రపంచం మొత్తం ఖర్చులో మూడో వంతుకు పైనే. ప్రజల బాగుకన్నా సైన్యం మీద ఏటేటా ఎక్కువ ఖర్చు పెట్టే దేశం ఆత్మపరంగా చావుకు దగ్గరవుతోందని రివర్‌సైడ్‌లో అన్న మాటను ఈ అంకె పక్కన పెట్టి చూడొచ్చు.

వాషింగ్టన్‌లో 2011లో ఆవిష్కరించిన కింగ్ స్మారకం గోడ మీద ఆయన మాటలు చెక్కారు. అందులో వియత్నాం మాట కూడా ఒకటుంది. లాస్ ఏంజెలెస్ ప్రసంగం లోనిది: అమెరికాను ప్రేమిస్తున్నాను కాబట్టే ఈ యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్నాను. రాయి మీద చెక్కడానికి అది కాస్త మెత్తటి వాక్యం. రివర్‌సైడ్ వాక్యాన్ని ఎవరూ చెక్కలేదు.

దాన్ని మనుషులే మోస్తున్నారు. కొన్నేళ్లుగా ఏప్రిల్ 4 వచ్చిందంటే కొన్ని ఊళ్లలో జనం ఒకచోట చేరి ఆ ప్రసంగాన్ని మొదటి నుంచి చివరిదాకా వంతులవారీగా పైకి చదువుతున్నారు. దాదాపు గంట పడుతుంది. ఒక పేరా ఒకరు, తర్వాతి పేరా ఇంకొకరు. హింసను పంచిపెట్టే ప్రభుత్వం గురించిన ఆ వాక్యం ఎవరి వంతుకు వస్తే వాళ్లు దాన్ని కింగ్ అన్నట్టే, 'నా సొంత ప్రభుత్వం' అని, తమ గొంతుతోనే పలకాలి.